నేను ఎదురొచ్చిన గురువారం

నాకు పగ ఉంది. ఈ మాట ముందే చెప్పడం మంచిది, లేకపోతే చదివేవాళ్ళు నన్ను మంచిదాన్ననుకునే ప్రమాదం ఉంది. మునిసిపల్ ఎన్నికల్లో ఎందుకు నిలబడ్డావమ్మా అని ఏ ఆడమనిషిని అడిగినా ప్రజాసేవ అంటుంది. నేనూ చేతులు జోడించి అదే అన్నాను. నిజానికి మా వార్డులో కాలువ పూడిపోయిందనో, కుళాయి నీళ్ళు మట్టి వాసన వస్తున్నాయనో నేను నామినేషన్ వేయలేదు. ఒక మనిషి తల దించుకుంటే చూడాలని వేశాను.

ఆ మనిషిని మా ఊరంతా అన్నా అంటుంది. ఆయనకంటే వయసులో పెద్దవాళ్ళు కూడా అన్నా అనే అంటారు. నేనూ ఇక్కడ అన్న అనే రాస్తాను. పేరు రాసి ఆయన్ని ఇంకొంచెం పెద్ద చేయడం నాకు ఇష్టం లేదు.

మా ఊరు తిరుపతి నుంచి పుత్తూరు పోయే దారిలో, వడమాలపేట దాటాక కాస్త లోపలికి ఉంటుంది. నేను కాపురానికి వచ్చినప్పుడు బస్సు దిగితే రెండు పక్కలా మామిడి తోటలే. ఇప్పుడు ఆ తోటల్లో ప్లాట్లు, ప్లాట్లలో సున్నం కొట్టిన హద్దురాళ్ళు, వాటి మధ్య మేకలు. ఫ్యాక్టరీల బస్సులు పొద్దున్నే వచ్చి మా పిల్లల్ని ఎక్కించుకుపోతాయి. నాలుగు వీధులున్న పంచాయతీ చూస్తుండగానే మునిసిపాలిటీ అయింది. నేను మెయిన్ రోడ్డు పక్క సందులో రవికెలు కుడతాను. మా వీధి ఆడవాళ్ళు నా ముందు చేతులు చాపి నిలబడి, టేపు ఒంటి చుట్టూ తిరుగుతున్నంత సేపూ ఇంట్లో సంగతులన్నీ చెప్పేస్తారు.

మా ఆయన ఆటో నడిపేవాడు. ఎన్నికలు వస్తే ఆటో అన్న పనికి, డీజిలు మా ఖర్చు. అన్న సర్పంచిగా నిలబడినప్పుడు మా ఆయన ఇంటికి వచ్చి అన్నం తిన్న రోజులు తక్కువ. నామినేషన్ ఊరేగింపుకు ముందురోజు సెంటర్లో పెద్ద ఫ్లెక్సీ కడుతుంటే దాని ఇనుప ఫ్రేము కరెంటు తీగకు తగిలింది. కింద పడ్డ మా ఆయన్ని చూసి కాలు విరిగిందనుకున్నారట. ఎముకలు సరిచేసే పుత్తూరు కట్టుకు తీసుకుపోదామని ఆయన ఆటోలోనే ఎక్కించారు. అక్కడ కాలు పట్టుకుని చూసిన పెద్దాయన, కట్టు కట్టే పని లేదు నాయనా, ఇంటికి తీసుకుపోండి అన్నాడట. మరుసటి రోజు ఊరేగింపు అనుకున్న టైముకే బయలుదేరింది. డప్పులు మాత్రం మా సందు ముందు కాసేపు ఆపారు.

పెద్దకర్మ రోజు పుట్టింటివాళ్ళు చీర పెట్టాలి. నాకు నాయన లేడు, తోడబుట్టినవాళ్ళు లేరు. అన్న చీర తెచ్చాడు. సన్నంచు ఉన్న బూడిద రంగు నేత చీర.

"నాకు అన్న లేడే అనుకోవద్దు మే. నేనుండా," అన్నాడు.

చుట్టూ ఉన్నవాళ్ళు ఫోన్లలో ఫోటోలు తీశారు. నేను ఆ చీర ఒళ్ళో పెట్టుకుని ఏడ్చాను. నమ్మి ఏడ్చాను. ఆ ఏడుపు తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది.

ఆ తర్వాత నాకు ఒక కొత్త పని నేర్పారు, తప్పుకోవడం. ఎవరైనా మంచి పని మీద బయలుదేరితే మొగుడు చచ్చినది ఎదురు రాకూడదు. ఎవరూ నోరు తెరిచి చెప్పరు. దగ్గుతారు, లేకపోతే గేటు గొళ్ళెం గట్టిగా తీస్తారు. అది విని మనమే సందులోకి తప్పుకోవాలి. కొన్నాళ్ళకు ఎవరి దగ్గు ఏదో కూడా తెలిసిపోయింది.

మా పాప ఒక్కతే దీనికి ఒప్పుకోలేదు. దాని పదో తరగతి పరీక్షలకు పొద్దున్నే నేను వంటింట్లో దూరి కూర్చుంటే, లోపలికి వచ్చి చెయ్యి పట్టి లాగింది. "యాడికి పోతావుమా? నువ్వే ఎదురు రావాల నాకు. బిన్నా రా!" అంది. నన్ను వాకిట్లో కుళాయి దగ్గర నిలబెట్టి, తను గడప దగ్గరకు వెనక్కి పోయి, అక్కడి నుంచి మళ్ళీ నడిచి వచ్చింది. పక్కింటి వదిన చూసి నోరు నొక్కుకుంది. పాప మంచి మార్కులతో పాసయింది. అప్పటి నుంచి ఇంటరుకైనా డిగ్రీకైనా ప్రతి పరీక్షకూ నేనే ఎదురు. ఊరంతా ఒక దారి, మా ఇంట్లో ఒక దారి. ఆ కుళాయి దగ్గర నిలబడ్డ కాస్త సేపూ నేను ఎవరికీ తీసిపోను అనిపించేది.

ఇక పెండ్లి సంగతి. అన్న కూతురు పెండ్లికి రవికెలన్నీ నేనే కుట్టాను. అద్దాలు, పూసలు, వీపు మీద నెమలి, అన్నీ మగ్గం పనే. పెండ్లికూతురు పీటల మీదికి బయలుదేరే వేళకు ఆ ముహూర్తం రవికె హుక్కు ఊడింది. పిలిస్తే పరుగెత్తుకుపోయాను. ఆ పిల్ల వెనక మోకాళ్ళ మీద కూర్చుని, పళ్ళ మధ్య పిన్నీసులు పెట్టుకుని హుక్కు కుట్టాను. దారం తెంపి ముందుకు వచ్చానో లేదో అన్న అక్కడ నిలబడి ఉన్నాడు.

"ఆమెను రవ్వంత పక్కకు పంపించండబ్బా. బిడ్డకు ఎదురు పడతాది," అన్నాడు.

గట్టిగా కూడా అనలేదు. కుర్చీ పక్కకు జరపమన్నట్టు అన్నాడు. వాళ్ళ బావమరిది నా భుజం మీద చెయ్యి వేసి అరటాకులు పెట్టిన గదిలోకి నడిపించాడు. మేళం మోగి, తలంబ్రాలు అయ్యి, అక్షింతలు పడ్డంత సేపూ నేను ఆకుల మధ్య నిలబడ్డాను. నా మొగుణ్ణి ఎవరి ఫ్లెక్సీ మింగిందో, నాకు అన్ననని ఎవరు చీర పెట్టారో ఆ మనిషికే నేను అశుభం అయ్యాను. ఏరు దాటి తెప్ప తగలేసేవాళ్ళ గురించి విన్నాను గానీ, తెప్ప కనబడితే కళ్ళు మూసుకునేవాణ్ణి అప్పుడే చూశాను. నోట్లో పిన్నీసులు అలాగే ఉన్నాయని ఇంటికి వచ్చాక చూసుకున్నాను.

పాము పగ పన్నెండేళ్ళంటారు. పాముకు కుట్టుమిషను లేదు కాబట్టి అంతటితో సరిపెట్టుకుంది. మిషను తొక్కే మనిషికి ఆలోచించడానికి చాలా టైము ఉంటుంది.

మునిసిపాలిటీ మొదటి ఎన్నికలు వచ్చాయి. మా వార్డు ఆడవాళ్ళకు రిజర్వు అయింది. అన్న వెంటనే తన భార్యను నిలబెట్టాడు. ఆమెను మేం వదినా అంటాం. నెమ్మదైన మనిషి. రవికె కొలతలకు వచ్చి, "నాకెందుకు మే ఈ పీడ! సంతకం పెట్టేది నేను, తిట్లు తినేది నేను, కుర్సీలో కూసునేది ఆయన," అని నిట్టూర్చింది. నేను టేపు మడిచి పెట్టి ఆ సాయంత్రమే నామినేషన్ వేయడానికి ఏమేం కావాలో కనుక్కున్నాను. ఇంట గెలిచి రచ్చ గెలవమంటారు. ఇంట గెలవడానికేముంది, మా ఇంట్లో ఉన్నది నేనూ నా కూతురూ అని నవ్వుకున్నాను.

అన్నకు కావలసింది గెలుపు కాదు, ఏకగ్రీవం. పోటీయే లేకుండా భార్య గెలిస్తే చైర్మన్ కుర్చీ అడగడానికి బాగుంటుందని లెక్క. అవతలి పార్టీ అభ్యర్థితో మాట్లాడుకున్నాడు. ఆఖరి రోజు ఆమె తప్పుకుంటుంది. మిగిలింది నేను. మొదట మనుషుల్ని పంపాడు, తర్వాత తనే వచ్చాడు. నా మిషను ముందు స్టూలు మీద కూర్చుని, కాళ్ళ కింద పడ్డ గుడ్డముక్కల్ని చెప్పుతో పక్కకు తోస్తూ మాట్లాడాడు.

"అన్నగా చెప్తా వుండా. వాపసు తీసుకో. నీ బిడ్డకు ఉద్యోగం నేను సూస్తా."

"నా బిడ్డ ఉద్యోగం అదే సూసుకుంటాది అన్నా."

"మా ఇంటి ఆడదాని మీద నిలబడతావా నువ్వు?"

"మీ ఇంటి ఆడదాని మీద కాదన్నా. నీ మీదే."

లేచి నిలబడ్డాడు. నన్ను కాసేపు చూసి, "మొగోడు లేని కొంప, ఎగిరెగిరి పడొద్దు," అని పోయాడు. నేను మిషను తొక్కుతూనే ఉన్నాను. కింద దారం అయిపోయిందని, ఉత్త సూదే గుడ్డను పొడుస్తోందని తర్వాత తెలిసింది.

అన్నకు శకునాల పిచ్చి అని ఊరందరికీ తెలుసు. కారు టైరు కింద నిమ్మకాయ లేనిదే బండి కదలదు. పిల్లి అడ్డం వచ్చిందని ఒకసారి రేణిగుంట గేటు దగ్గర నుంచి వెనక్కి వచ్చేశాడు. రోజూ ఆయన గడప దాటే ముందు వదిన నిండు చెంబుతో గేటు బయటికి పోయి, ఎదురు నడిచి రావాలి. పసుపు కుంకుమలతో కళకళలాడే పెళ్ళాం ఎదురు వస్తేనే ఆయన కాలు బయట పెడతాడు. క్యాలెండరులో రాహుకాలం చూడకుండా కొత్త చొక్కా కూడా తొడుక్కోడు.

పోటీ నుంచి తప్పుకోవడానికి ఆఖరి గడువు గురువారం మూడు గంటలు. పార్టీ తన అభ్యర్థికి గుర్తు కోసం ఇచ్చే కాగితాన్ని బీఫారం అంటారు. అది ఎన్నికల అధికారి చేతికి అందించే గడువు కూడా అప్పుడే. అందకపోతే ఆ అభ్యర్థికి పార్టీ గుర్తు రాదు, ఇండిపెండెంటు కిందికే లెక్క. ఈ సంగతి నాకు నామినేషన్ వేసిన రోజే ఆఫీసులో చెప్పారు. తర్వాత వదిన రవికెలు తీసుకుపోవడానికి వచ్చి, "గురువారం మజ్జాన్నానికి సిత్తూరు నుంచి బీఫారం వస్తాదంట. ఈయన పోయి ఇచ్చేసినాడంటే నా పని అయిపోయినట్టే," అంది. ఆమె పోయాక గోడ మీద క్యాలెండరు చూశాను. గురువారం రాహుకాలం ఒకటిన్నర నుంచి మూడు. ఆ కాగితం మధ్యాహ్నానికి గానీ రాదు. వచ్చాక ఒకటిన్నర దాకా అన్నను గడప దాటకుండా ఆపితే చాలు, మిగతా పని రాహువు చూసుకుంటాడు. అంత సంతోషం నాకు మా ఆయన పోయాక ఎప్పుడూ కలగలేదు.

పింఛను కోసం నిలబడే వరుసలో మా వార్డు విధవలందరం ఒకరికొకరం తెలుసు. వాళ్ళను నా కొట్టుకు పిలిచి సంగతి చెప్పాను. ఆకుకూరల గంప మోసే అవ్వ మొదట అర్థం కాక చూసింది. అర్థమయ్యాక పళ్ళు లేని నోటితో నవ్వు ఆపుకోలేకపోయింది.

"ఇన్నాళ్ళూ తప్పుకో తప్పుకో అంటిరి. ఒగనాడు తప్పుకోకుండా నిలబడి సూద్దాం పట్టండే," అంది.

పాపకు మాత్రం నచ్చలేదు. అన్నం తింటున్నది చెయ్యి ఆపేసింది. "అదంతా అబద్ధమని గదమా మనం ఇన్నాళ్ళూ అనుకునింది? ఇప్పుడు నువ్వే దాన్ని వాడుకుంటావా?" అని అడిగింది.

"అబద్ధమే. ఆయన నమ్ముతాడు గదా, అది సాలు నాకు," అన్నాను.

అది లేచి చెయ్యి కడుక్కుంది. నాకు అప్పుడు పగ తప్ప మరేదీ చెవికెక్కలేదు.

గురువారం అన్న పెట్టిన చీరే కట్టుకున్నాను. ఖాళీ బిందె చంకన పెట్టుకుని ఆయన గేటుకు ఎదురుగా వేపచెట్టు నీడలో నిలబడ్డాను. వెనక గేటు సందులో అవ్వ ఖాళీ గంపతో కూర్చుంది. మిగతావాళ్ళు వీధి రెండు కొసల్లో, మునిసిపల్ ఆఫీసుకు పోయే మలుపులో ఒక్కొక్కరుగా నిలబడ్డారు. ఎవరూ నినాదాలు చేయలేదు, ఎవరి మీదా రాయి వేయలేదు. ఊరికే నిలబడ్డాం.

చిత్తూరు నుంచి కారు వచ్చింది. కాసేపటికి అన్న తెల్ల చొక్కాలో బయటికి వచ్చాడు, చేతిలో ప్లాస్టిక్ కవరులో కాగితం. గేటు తీసి తల ఎత్తాడు. నేను బిందె పట్టుకుని తిన్నగా ఆయన వైపు నడిచాను. ఆ మొహం చూడాలి! మొదట కోపం, తర్వాత భయం. కాలు వెనక్కి తీసుకున్నాడు. ఇంట్లోకి పోయి కాళ్ళు కడుక్కుని, కూర్చుని, మంచినీళ్ళు తాగి మళ్ళీ వచ్చాడు. నేను మళ్ళీ నడిచాను. మళ్ళీ లోపలికి పోయాడు.

ఆయన మనుషులు నలుగురు నా మీదికి వచ్చారు. "పోమే ఈడ నుంచి! ఎందుకు నిలబడుకోనుండావు?" అని అరిచారు.

"వీధి మీ నాయనదా? నీళ్ళకు పోతా వుండా," అన్నాను.

చెయ్యి వేయడానికి లేదు. ఎదురింటి మేడ మీద పిల్లలు ఫోన్లు పట్టుకుని ఉన్నారు, పైగా నేనూ అభ్యర్థినే. అన్న వెనక గేటు గుండా పోబోతే సందులో అవ్వ గంప ఎత్తుకుని, "ఆకుకూర కావాల్నా నాయనా?" అంటూ ఎదురు వచ్చిందట. తలుపు మూసిన చప్పుడు నా దాకా వినిపించింది.

తొందరలో మరిచిన వదిన అప్పుడు ఆయనకు గుర్తొచ్చింది. "సెంబు తీసుకోని బిన్నా రామే! ఎదురు రా!" అని కేకలు. లోపలి నుంచి వదిన గొంతు తాపీగా, "వస్తా వుండా. సెంబు యాడ పెట్టినానో కనపడలేదు," అంది. మళ్ళీ కేక. "కాళ్ళకు పసుపు రాసుకుంటా వుండా, ఉండండి," అంది. ఆమె నిండు చెంబుతో గేటు దాటి వీధిలోకి వచ్చేసరికి ఒకటిన్నర అయిపోయింది. నన్ను చూసి చూడనట్టే పోయి, వెనక్కి తిరిగి ఇంటి వైపు నడిచింది. ఎందుకు ఆలస్యం చేసిందో నేను ఇప్పటిదాకా అడగలేదు, ఆమె చెప్పలేదు.

కారు డ్రైవరు, "కాగితం నా చేతికీ అన్నా, నేను ఇచ్చేసొస్తా," అన్నాడు.

"రాహుకాలంలో కాగితం గడప దాటకూడదు రా. మూడు కొట్టినాక పోదాం. ఆఫీసరు మనోడే, నిమిషం అటూ ఇటూ అయితే ఏమవతాది," అన్నాడు అన్న.

ఆ మాట నా చెవులతో విన్నాను. బిందె అవ్వ చేతికిచ్చి ఆఫీసుకు పోయి వరండాలో బల్ల మీద కూర్చున్నాను. అవతలి పార్టీ ఆమె వచ్చి, అనుకున్నట్టే తప్పుకుంటున్నానని సంతకం పెట్టి పోయింది. అన్న కొనుక్కున్న తప్పుకోలు అది, నాకు ఉచితంగా దక్కింది. మూడు కొట్టగానే తలుపు మూశారు. లోపల కెమెరా తిరుగుతోంది. కాసేపటికి అన్న కారు దిగి వచ్చాడు. రాహుకాలం దాటింది కాబట్టి మొహం ప్రశాంతంగా ఉంది. తలుపు కొట్టాడు, నవ్వుతూ కొట్టాడు. ఆఫీసరు కిటికీలో నుంచి, "టైమైపోయిందండీ, నేనేం చేయలేను," అన్నాడు. అన్న కవరు వెనక్కి తీసుకున్నాడు. పక్కకు తిరిగేసరికి బల్ల మీద నేను. కొంగు సర్దుకుని, ఆ చీర అంచు బాగా కనబడేలా కూర్చున్నాను.

తర్వాతి కథ ఊహించుకోవచ్చు. గుర్తులు ఇచ్చేటప్పుడు నేను కుట్టుమిషను అడిగాను, లేదంటే కత్తెర అడిగాను. నాకు క్రికెట్ బ్యాటు వచ్చింది, కత్తెర వదినకు పోయింది. కొట్టడానికి బ్యాటు బాగానే ఉంటుందిలే అనుకున్నాను. అన్న అచ్చు వేయించిన ఫ్లెక్సీలన్నిటి మీదా పార్టీ గుర్తే. అన్నీ చుట్టి మేడ మీద పడేశారు. ఏళ్ళ తరబడి ఒకే గుర్తు మీద గుద్దడం అలవాటైన ముసలివాళ్ళు, ఆ గుర్తు కనబడక, బూత్‌లో నుంచి తిట్టుకుంటూ బయటికి వచ్చారు. నేను ఇంటింటికీ తిరిగాను. బొట్టు పెట్టి అడగడానికి నాకు హక్కు లేదన్నారు కాబట్టి పెట్టకుండానే అడిగాను. పాప నాతో తిరిగింది, కానీ ఎక్కువ మాట్లాడలేదు.

గెలిచాను. బాగా గెలిచాను.

ఊరేగింపును అన్న ఇంటి వీధి గుండానే తిప్పమన్నాను. పెద్దవాళ్ళు వద్దన్నారు, వినలేదు. అన్న గేటు లోపల నిలబడి ఉన్నాడు. గడ్డం గీసుకోలేదు. నేను ఉతికి ఇస్త్రీ చేసి తెచ్చిన చీరను గేటు మీద పెట్టాను.

"అన్నా, నీ సీర. నాకు నువ్వు అన్నవి కాదు. నీ సొమ్ము నా ఇంట్లో వద్దు," అన్నాను.

ఆయన చీర వైపు చూడలేదు. "గెలిసింది నువ్వనుకుంటా వుండావా? నువ్వు కాదు మే. నీ ముండమోపి మొగం గెలిసింది," అన్నాడు.

నేను నవ్వాను. ఓడినవాడి ఏడుపు అనుకుని, మనసారా నవ్వాను. ఆ రాత్రి హాయిగా నిద్ర పట్టింది.

నిజం చెప్పాలంటే ఆ తర్వాత కొన్ని నెలలు నాకు పండగే. ఆమె ఎదురొస్తే అంతటి అన్నే పడిపోయాడని ఊరంతా పాకింది. నేను అడ్డుకోలేదు సరికదా, వాడుకున్నాను. కాలువ పని సగంలో వదిలేసిన కాంట్రాక్టరుకు ఫోన్ చేసి, "రేపు నువ్వు టెండరుకు పోతా వుండావంట గదా. పొద్దున్నే నీ గడప ముందర నిలబడుకోమంటావా?" అన్నాను. మధ్యాహ్నానికి మనుషులు పారలతో దిగారు. వీధి దీపాలు, చెత్త బండి, కుళాయి పైపు, అన్నీ అలాగే చేయించాను. ఒకప్పుడు నన్ను చూసి దగ్గినవాళ్ళు ఇప్పుడు లేచి నిలబడ్డారు. లేచి నిలబడి లోపలికి పోయేవాళ్ళు. పోనీ, భయపడి చావనీ అనుకున్నాను.

ఒకరోజు అవ్వ ఆఫీసుకు వచ్చింది. గంప నిండుగా ఉంది, ఆకులు వాడిపోయాయి.

"బోణీ కావడం లేదు తల్లీ. ముందంతా నా మొగం సూసి పక్కకు తిరిగినా, పోతే పోనీ అని కొనేవోళ్ళు. ఇప్పుడు తలుపులే ఏసేస్తా వుండారు. ఆ గురువారం నుంచి మనకు శక్తి వచ్చిందంటా వుండారు," అంది.

మార్కెట్లో కూర్చోవడానికి నీకు చోటు ఇప్పిస్తాలే అన్నాను. ఇప్పించాను కూడా. అక్కడ కూడా ఆమె దగ్గర పొద్దెక్కాక గానీ ఎవరూ కొనడం లేదని వింటూనే ఉన్నాను. మునిసిపాలిటీలో పని ఎక్కువ, వినీ విననట్టు ఊరుకున్నాను.

పాపకు ఫ్యాక్టరీలో ఉద్యోగం వచ్చింది, సెల్‌ఫోన్లలో పెట్టే భాగాలు తయారుచేసే చోట. అన్న సిఫారసు లేదు, నా సిఫారసూ లేదు. చేరే రోజు పొద్దున కంపెనీ బస్సు మెయిన్ రోడ్డు మీదికి వస్తుంది. నేను తలంటుకుని, ఇస్త్రీ చీర కట్టుకుని, ఎప్పటిలాగే ముందే పోయి కుళాయి దగ్గర నిలబడ్డాను. పాప బ్యాగు తగిలించుకుని గడప దాకా వచ్చింది. నన్ను చూసింది. ఆగిపోయింది.

ఏదైనా మరిచిందేమో అనుకున్నాను. "రా పాపా, బస్సు వచ్చేస్తాది," అన్నాను.

అది కాలు బయట పెట్టలేదు. కింద చూస్తూ, "మా, నువ్వు రవ్వంత లోపలికి పో. పక్కింటి అత్తను రమ్మన్నా, ఆమె వస్తాది ఎదురు," అంది.

పక్కింటి వదిన అప్పటికే చెంబు నిండా నీళ్ళతో వాళ్ళ అరుగు మీద నిలబడి ఉంది. నా వైపు చూడలేక చెంబులోకి చూస్తోంది.

"నువ్వు కూడానా?" అన్నాను.

"నాకు నమ్మకం లేదుమా, నీకు తెలుసు గదా," అంది. కళ్ళ నిండా నీళ్ళు దానికి. "అబద్ధమనే అనుకుంటా వుంటి. నువ్వే గదా అందరి ముందర సేసి సూపించినావు."

నాకు కోపం వచ్చింది. దాని మీద కాదు. పక్కింటి వదిన మీదా కాదు. ఎవరి మీదో తెలియని కోపం. అన్న మీదికి మళ్ళిద్దామని చూశాను, వాణ్ణి ఓడించేశాను, ఇంకేం చేయాలి? పళ్ళు కొరుక్కున్నాను, పళ్ళ మధ్య పిన్నీసులు ఉన్నట్టే అనిపించింది. మెయిన్ రోడ్డు మీద బస్సు హారను వినబడింది.

కుళాయి దగ్గర నుంచి కదిలాను. పాప పక్కకు తప్పుకుని దారి ఇచ్చింది, నేను దాన్ని తాకకుండా లోపలికి పోయాను. వంటింట్లో గోడకు ఆనుకుని నిలబడ్డాను. పక్కింటి వదిన కాలి మెట్టెల చప్పుడు, పాప చెప్పుల చప్పుడు, గేటు చప్పుడు వరసగా వినబడ్డాయి. బస్సు పోయాక కూడా చాలాసేపు అక్కడే ఉన్నాను.

ఆఫీసులో జనం ఎదురుచూస్తుంటారు, కాలువ గురించి మీటింగు ఉంది. ముందు వీధిలో అప్పుడే ఎవరో పెండ్లి చూపులకు కారులో బయలుదేరుతున్నారు. నేను పెరటి తలుపు తీసుకుని సందు గుండా పోయాను.